నా కాలు దిగిన బావి

నా ఎడమ కాలు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. అది పోయిందని విని ధర్మవరం నుంచి ఒకరు, హిందూపురం నుంచి ఇద్దరు పరామర్శ ఉత్తరాలు రాశారు. ఒకాయనైతే దాని గుణగణాలు కూడా పొగిడాడు. కాలు ఉంది. కాస్త వంకర తిరిగింది, మబ్బు పట్టిన నాడు పోటు పెడుతుంది, మిగతా రోజుల్లో చెప్పిన మాట వింటుంది.

కానీ నేను రాయబోయేది కాలు గురించి కాదు, ఆ కాలు పెట్టిన చోటు గురించి. దాని మూలాన ఒక ఏడాదిపాటు అరవై నలుగురు పిల్లల కాళ్ల వంక చూస్తూ బతికాను. అందులో ఒక జత కాళ్లు నా కూతురివి. అట్లా చూడవలసిన గతి మరే తండ్రికీ, మరే అయ్యవారికీ రాకూడదని రాస్తున్నాను. రాస్తే నా గుండె దడ కొంత తగ్గుతుందన్న ఆశ కూడా ఉంది.

నేను పెనుకొండకు నాలుగు మైళ్ల అవతల ఒక పల్లెలో జిల్లా బోర్డు బడికి హెడ్మాస్టరును. బడిలో ఇంకో మాస్టరు లేడు కనుక నా కింద పనిచేసేదీ నేనే, నన్ను మందలించేదీ నేనే. ఐదు తరగతులకు ఒకటే గది. ఒక మూల ఎక్కాలు, ఒక మూల పద్యాలు, మధ్యలో ఒకటో తరగతి ఏడుపు. ఆ రొదకు పెనుకొండ కోట గోడలు రెండంగుళాలు పక్కకు జరిగాయని నా నమ్మకం.

ఆ బడిలో నేను పెట్టిన ఆచారం ఒకటుంది. పక్షానికోసారి నల్లబల్ల మీద 'మన బడి కబుర్లు' రాస్తాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు దాన్ని పలకల మీద ఎక్కించుకుని ఇళ్లకు పోయి, పెద్దలను కూచోబెట్టి చదివి వినిపించాలి. మా పల్లెలో చదువొచ్చిన పెద్దలు ముగ్గురే. కాబట్టి ఊరికి నేనే పత్రిక, పలకే కాగితం. సగం బడి వార్తలు, సగం ఆరోగ్య సూత్రాలు. గోళ్లు తీసుకోండి, కళ్లకలక వచ్చిన బిడ్డ తువ్వాలు ఇంకో బిడ్డకు వాడకండి, నీళ్లు బట్టలో వడగట్టి తాగండి. ఉత్త సూత్రం ఎవరు వింటారు? అందుకని నేను ఉప్పూకారం తగిలించేవాణ్ణి. గోళ్లు తీయనివాడి గోటి సందు మన్నులో చెనిక్కాయ విత్తవచ్చని రాశాను. వడగట్టని చెంబెడు నీళ్లలో బెంగుళూరు రైలంత పురుగు చుట్ట చుట్టుకుని పడుకుంటుందని రాశాను. జనం పడీ పడీ నవ్వారు. నవ్వి, వడగట్టకుండానే తాగారు.

నేనూ అంతే. సూత్రాలు చదివేవాళ్లకు గాని రాసేవాడికి కాదని నా అభిప్రాయం. పిల్లలతో చెడుగుడు ఆడి దప్పికైతే బడి వెనకాల దిగుడు బావి మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, దోసిలితో తాగేవాణ్ణి.

బహుధాన్య, ఉగాది వెళ్లిన వారం

ఎడమ చీలమండకు పైన ఒక పొక్కు లేచింది. సాయంత్రానికి అది నిమ్మకాయంత అయిందని నేను ప్రకటించాను. మా ఆవిడ లక్ష్మి వంగి చూసి, "కందిగింజంత ఉండాది బావా" అంది. మా ఇంట్లో ఏ సంగతికైనా రెండు కొలతలుంటాయి. ఒకటి నాది, రెండోది నిజమైనది. రెండోది లక్ష్మి చెబుతుంది.

పొక్కు ఎంతైతేనేం, మంట మాత్రం నా కొలతకే సరిపోయింది. కమ్మరి కొలిమిలో కాలు పెట్టి తిత్తి ఊదుతున్నట్టుండేది. మర్నాడు మధ్యాహ్నం బడి విడిచిన వేళ కుంటుకుంటూ బావి మెట్లు దిగి, కాలు నీళ్లలో వదిలాను. ఆ హాయి ఏమని చెప్పను! దేవేంద్రుడు నందనవనం ఇస్తానన్నా ఆ మెట్టు వదిలి రానని చెప్పి ఉందును.

మా పద్మ మూడో తరగతి. నన్ను చూసి గబగబా దిగి వచ్చి, నా పక్క మెట్టు మీదే గొంతుక్కూచుంది.

"నాయనా, సల్లగుండాయా నీళ్లు?"

"స్వర్గమే తల్లీ."

అది దోసిలితో తాగింది. మూడు దోసిళ్లు. అప్పుడు నా కాలి చుట్టూ నీళ్లలో తెల్లగా ఒక చార లేచి, పొగ మాదిరి విచ్చుకుని కరిగిపోవడం చూశాను. పంచెకు అంటిన సుద్ద పొడి అనుకున్నాను. అయ్యవారి పంచెకు సుద్ద అంటడం వింతా?

అట్లా మూడు రోజులు మూడు మధ్యాహ్నాలు కాలు వదిలాను. నాలుగోనాడు పొక్కు చిట్లిన చోట తెల్లటి దారం కొస ఒకటి బయటికి తొంగిచూసింది. పంచె పోగనుకుని పట్టుకోబోతే వెనక్కి జరిగింది. నా కాలి మీద నాకు తెలియని ప్రాణి!

లక్ష్మి చూసింది. ఈసారి కొలత చెప్పలేదు. "బావా, ఇది నారికురుపు" అంది. ఆ మధ్యాహ్నమే ధర్మవరానికి మనిషిని పంపింది, వాళ్లమ్మ కోసం.

చైత్రంలో మిగిలిన రోజులు

లక్ష్మి వాళ్లమ్మ నాగమ్మ నాకు మేనత్త కూడా. కనుక ఆమె దగ్గర నాకు అల్లుడి మర్యాదలేమీ సాగవు. ధర్మవరంలో మగ్గాల వీధిలో నలభై ఏళ్లుగా పట్టునూలు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. ఆ వీధిలో తెగకుండా పోగు తీయాలంటే ఆమె తరవాతే ఎవరైనా. వచ్చీ రాగానే పీట వేసుకుని నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది.

"అత్తా, పెద్దదానివి, నా కాలు ముట్టుకుంటావా?" అన్నాను.

"పెండ్లిలో పళ్లెంలో పెట్టి కడిగిన కాలే గదరా ఇది. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చెనా? కదలాకు."

అగ్గిపుల్లంత వెదురు పుల్ల నున్నగా గీసి, ఆ తెల్లటి కొసను దానికి తగిలించి, ఊపిరి బిగబట్టి తిప్పింది. ఒక చుట్టు. ఇంకో సగం చుట్టు. ఆగింది. పుల్లను కాలికి ఆనించి గుడ్డతో కట్టేసింది.

"ఈ పొద్దుకింతే."

"అంతేనా? ఒక్క చుట్టు తిప్పు అత్తా, వస్తాండాది గదా!"

"వస్తాండాదని లాగితే తెగుతాది. పట్టుపోగు తెగితే ముడేసుకోవచ్చు. దీనికి ముడి లేదురా."

రోజుకు ఒక అంగుళం. ఒక్కోనాడు అరంగుళం. ఒక్కోనాడు పురుగుకు మనసు లేక అసలే రాదు. బడి వసారాలో బెంచీ మీద కాలు చాపి కూచుని అక్కణ్ణుంచే ఐదు తరగతులకూ అరిచి పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలకు నా పాఠం కంటే నా కాలి మీద ఆసక్తి ఎక్కువ. పొద్దున్నే వచ్చి, "అయ్యోరా, ఈ పొద్దు ఎంత వచ్చె?" అని అడిగేవాళ్లు. ఒక మూర అని చెప్పేవాణ్ణి. పద్మ నా వెనకాల నిలబడి బొటనవేలు కొస చూపించేది.

లోపల మాత్రం నాకు నవ్వు లేదు. కాలు కదిపితే భయం, దుప్పటి తగిలితే భయం. తెగితే ఏమవుతుందో అత్త చెప్పలేదు. వాళ్ల వీధిలో ఒకాయనకు తెగిందని మాత్రం చెప్పింది. "ఆయనకేమాయె?" అంటే, పుల్ల వంక చూస్తూ, "మాట్లాడాకు, చెయ్యి అదురుతాది" అంది.

ఇంతలో బడి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నట్టు కార్డు వచ్చింది. కాలికి పుల్ల కట్టుకుని, బెంచీ మీద పడుకున్న హెడ్మాస్టరును చూసి ఆయన ఏం రాసిపోతాడు? కూచుంటే ఇదే ఆలోచన, పడుకుంటే ఇదే ఆలోచన. పదిహేడోనాడు మధ్యాహ్నం అత్త వంటింట్లో కునుకు తీస్తున్న వేళ నేను కట్టు విప్పాను. ఆమె చేసేదే గదా, చూసి చూసి నేర్చుకోలేదా? ఒక చుట్టు తిప్పాను, వచ్చింది. రెండో చుట్టు తిప్పాను, వచ్చింది. మూడో చుట్టుకు కాస్త బిగువు తగిలింది. కాస్తే గదా అని లాగాను.

చప్పుడు కూడా కాలేదు. నా బతుకులో ఇంత పెద్ద సంగతి ఇంత నిశ్శబ్దంగా జరగడం అదే మొదలు. పుల్ల నా చేతిలోకి వచ్చింది. తక్కిన పురుగు లోపలికి పోయింది.

అత్త లేచి వచ్చి నా చేతిలో పుల్లను చూసింది. నేను తల వంచుకుని, "తిట్టు అత్తా" అన్నాను.

"తిట్టేదానికి ఇప్పుడు యాళ లేదు" అంది. అంతే.

వైశాఖం, హిందూపురం

రెండు రోజుల్లో కాలు మోకాటి దాకా వాచింది. గుమ్మడికాయంత అని రాస్తే మీరు నవ్వుతారు. లక్ష్మినడిగి రాస్తున్నాను, గుమ్మడికాయంతే. ఒళ్లు కాలిపోతోంది. పద్మను అత్తకు అప్పగించి, నన్ను ఎద్దుల బండిలో పెనుకొండ స్టేషనుకు, అక్కణ్ణుంచి రైలులో హిందూపురానికి తీసుకుపోయింది లక్ష్మి. రైలు కుదిపినప్పుడల్లా నేను పెట్టిన కేకకు ఇంజను కూడా కూత మానేసింది. ఎదుటి బల్ల మీది బెల్లం వర్తకుడొకాయన ఏమీ అడగకుండా లేచి, తన బెల్లం మూటను నా కాలి కింద సర్ది, తాను హిందూపురం దాకా నిలబడి వచ్చాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఆసుపత్రి వసారాలో మా ముందు ఎంత మందున్నారో లెక్కపెట్టలేను. ఈసారి పెద్దది చేసి చెప్పడానికి కాదు, కళ్లు తిరిగి. గోడకు ఆనుకుని కూచున్నాం. నా పక్కన చిలమత్తూరు నుంచి మనవడికి కట్టు మార్పించడానికి వచ్చిన ఒక అవ్వ ఉంది. నా కాలి మీద ఈగలు ముసురుతుంటే తన పైట కొంగుతో తోలుతూ కూచుంది. మనవడి వంతు వచ్చి లోపలికి పోతూ, కొంగు లక్ష్మి చేతికిచ్చినట్టే, "ఇంక నువ్వు తోలమ్మా" అని ఆ పని అప్పగించి పోయింది.

డాక్టరు గారు కాలు అటూ ఇటూ తిప్పి, వాపును నొక్కి చూశారు. కోసి చీము తీయాలన్నారు. అప్పటికీ తగ్గకపోతే, అని ఆగి, మోకాటికి పైన వేలితో ఒక గీత గీశారు. గాల్లోనే గీశారు గాని ఆ గీత నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది.

తరవాత కాగితం మీద రాసుకుంటూ, మామూలుగా అడిగినట్టే అడిగారు. "పొక్కు లేచాక ఈ కాలు ఎక్కడైనా నీళ్లలో పెట్టారా?"

"పెట్టానండీ. మా బడి బావిలో. మూడు రోజులు."

ఆయన కలం కింద పెట్టారు. "ఆ బావి నీళ్లు ఎవరు తాగుతారు?"

"అందరూనండీ. పిల్లలూ, ఊరూ."

"ఈ కురుపు నీళ్లలో తడిసిందంటే పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలోకి వదిలేస్తుంది. తెల్లగా ఒక చార కనబడి ఉండాలే?"

సుద్ద పొడి! లక్ష్మి నా వంక తిరిగింది.

"అది తాగినవాళ్లకు ఎప్పుడు తెలుస్తుందండీ?" అని ఆమే అడిగింది.

"ఏడాదికమ్మా. మీవారు నిరుడు తాగింది ఇప్పుడు బయటపడింది కదా."

"మందు?"

"తాగాక లేదు. తాగకముందు ఉంది. బట్ట."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నా సూత్రాలు నా సొంతం కాదు. ఆరోగ్యశాఖవాళ్లు బడులకు పంపిన కరపత్రంలోంచి ఎత్తి రాసేవాణ్ణి. నీళ్లు వడగట్టండి అన్న వాక్యం కింద ఇంకొక వాక్యం ఉండేది. నారికురుపు ఉన్నవారు, ఒంటి మీద పొక్కు లేచినవారు బావిలో దిగరాదు. నిరుడు ఆ పక్షం కబుర్లలో అది రాయలేదు. పలకలో చోటు చాలలేదు. మూడో తరగతి మూలలో, పుస్తకాల సంచిలో కోడి గుడ్డు పెట్టిన వార్త ఉంది మరి. ఆ వార్తను నేను ఆరు పంక్తులు సాగదీశాను. ఊరంతా ఆరు పంక్తులకూ నవ్వింది. ఆ ఒక్క పంక్తి ఎవరికీ తెలియలేదు. వదిలేసినవాడికి కూడా గుర్తు లేదు.

కాలు కోశారు. ఆ నొప్పిని వర్ణించడం నా చేతకాదని ఒప్పుకుంటున్నాను. నా రాతల్లో ఇట్లా ఒప్పుకున్నది ఇదొక్క చోటే.

లక్ష్మి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గంజి తాగించేది, తడిగుడ్డ వేసేది, మాట లేదు. మూడోనాడు, "బిడ్డ నీ పక్కనే తాగెనా?" అంది.

"తాగింది."

"ఎన్ని దోసిళ్లు?"

"మూడు."

ఎక్కువ చేసి చెబుతున్నానేమోనని నా మొహంలోకి చూసింది. చెప్పడం లేదని తెలిసి ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని, "రాయి. ఊరికి రాయి. నేను పోయి చదివించి వస్తా" అంది.

పడుకునే రాశాను. 'మన బడి బావిలో నేను కురుపు కాలు పెట్టాను. మూడు రోజులు పెట్టాను. ఆ నీళ్లు మడత బట్టలో వడగట్టకుండా ఎవరూ తాగవద్దు. కురుపు, పొక్కు ఉన్నవాళ్లు బావిలో దిగవద్దు. ఇది నిజం.'

లక్ష్మి మర్నాడే వెళ్లి వచ్చింది. సెలవులైనా పద్మ పెద్ద పిల్లలను పోగేసి, పలకల మీద రాయించి, ఇంటింటా చదివించిందట. జనం విన్నారట. విని నవ్వారట. చివరి రెండు మాటలకు మరీ నవ్వారట.

"ఇది నిజం అని అయ్యోరే రాసినాడంటే ఇంక ఎంత అబద్ధమో సూడండబ్బా, అంటాండారు" అని చెప్పి లక్ష్మి గోడ వైపు తిరిగి కూచుంది.

పదేళ్లుగా రైలంత పురుగులు పెంచినవాణ్ణి నేను. మూరెడు పురుగును ఎవరు నమ్ముతారు?

జ్యేష్ఠం, బావి మెట్ల మీద

కాలు నిలిచింది. చంక కింద కర్రతో ఊరికి వచ్చాను. ఇంటికి పోకుండా బండిని నేరుగా బావి దగ్గర ఆపించి, పై మెట్టు మీద కూచున్నాను.

మొదట వచ్చింది గంగప్ప. మా బడి పక్క చేను ఆయనదే. ఊళ్లో నా కబుర్లకు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వే మనిషి.

"ఏమప్పా అయ్యోరా, ఈ తూరి పురుగు ఎన్ని బారలు? గుంతకల్లు దాకా ఉండాదా?"

నేను కట్టు విప్పాను. మాంసం ఇంకా పూడలేదు. గంగప్ప నవ్వు సగంలో ఆగింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

"పురుగు ఎంత పొడుగో నాకు తెలీదు గంగప్పా. సగం తెగి లోపల ఉండిపోయింది. బయటికి వచ్చినంత వరకు పదకొండు అంగుళాలు. బడి స్కేలుతో కొలిచాం" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నేను చెప్పిన కొలతకు ఎవరూ నవ్వకపోవడం ఆ ఊళ్లో అదే మొదలు.

అయినా గంగప్ప మెట్లు దిగి, నీళ్లలో నిలబడి, దోసిలితో తాగి ఎక్కి వచ్చాడు. "మా నాయన తాగె, మా తాత తాగె. నాకేమయితాదిలే" అన్నాడు. కాని ఎక్కేటప్పుడు నా కాలి వంక చూడలేదు.

అత్త ధర్మవరం పోయి మగ్గాల వీధి ఇల్లిల్లూ తిరిగి మూటెడు పాత నూలు చీరలు తెచ్చింది. లోకానికంతా పట్టు నేసేవాళ్లు తాము కట్టేది నూలే. ఇంటికొక ముక్క చింపి, రెండు మడతలు వేసి, కడవ మూతికి ఎట్లా బిగించాలో ఆడవాళ్లకు చూపించింది. వాడిన బట్టను మళ్లీ కట్టేటప్పుడు నీళ్లు పోసిన వైపే పైకి ఉండేట్టు కట్టాలి, తిరగేస్తే పట్టుకున్న మురికంతా కడవలోకి పోతుంది. ఇది ఆమె చెప్పింది. కరపత్రంలో కూడా ఉంది. అదీ నేను వదిలేసిందే.

ఆ సెలవులంతా పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ పై మెట్టే నాకు ఇల్లు. బట్ట లేని కడవను కిందికి పోనిచ్చేవాణ్ణి కాదు. చంక కర్ర అడ్డం పెట్టేవాణ్ణి. నన్ను తిట్టినవాళ్ల పేర్లు రాస్తే పెనుకొండ తాలూకా జమాబందీ లెక్కలంత పుస్తకమవుతుంది. పద్మ ఇళ్లలోకి దూరి కడవలు తనిఖీ చేసేది. ఒకరోజు తొందరలో బట్ట తిరగేసి కట్టిందని, నేర్పిన సొంత అవ్వ మీదే అరిచిందట.

వానలు పడేలోపు ఊరివాళ్లు బావి మీద దూలం వేసి గిలక తగిలించారు. మెట్లకు అడ్డంగా తుమ్మకంప కొట్టారు. ఇక కాలు దిగదు, కడవే దిగుతుంది. కాని నాకు నిద్ర పట్టేది కాదు. చైత్రానికీ జ్యేష్ఠానికీ నడుమ ఆ నీళ్లు తాగినవాళ్లు తాగేశారు. వాళ్ల ఒంట్లో ఏముందో చెప్పే వైద్యుడు లేడు. క్యాలెండరు ఒక్కటే.

ప్రమాది, ఉగాది మొదలు

ఏడాది తిరిగింది. ఆ ఉగాది పచ్చడి నా నోటికి ఒక్క చేదే తగిలింది.

రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలను వరసగా నిలబెట్టి, ఒక్కో జత కాళ్లు మోకాళ్ల నుంచి మడమల దాకా చూసేవాణ్ణి. దోమ కాటు కనబడితే గుండె ఆగేది. గజ్జి కనబడితే అమ్మయ్య, గజ్జే అనుకునేవాణ్ణి. గజ్జిని చూసి సంతోషించిన హెడ్మాస్టరు జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

చైత్రం చివర ఒక ఉదయం వరసలో పద్మ లంగా కిందికి లాగి పట్టుకుని నిలబడింది.

"లంగా ఎత్తు తల్లీ."

"ఏం లేదు నాయనా."

ఎడమ పాదం పక్కన పొక్కు. కందిగింజంత. ఈసారి నా కొలతా కందిగింజంతే.

పిల్లలను ఇళ్లకు పంపి బడి మూసేశాను. లక్ష్మి పిల్లను ఎత్తుకుని ఇంటి వసారాలో కూచుంది. అత్త అదే వారం మా ఇంటికొచ్చి ఉంది. ఆమె పళ్లెంలో నీళ్లు తెచ్చింది. పళ్లెంలో, బావిలో కాదు. పద్మ పాదం అందులో పెట్టి ముగ్గురమూ వంగి చూస్తూ కూచున్నాం. పురుగైతే తెల్ల చార లేస్తుంది. నీళ్లు కదలలేదు. పద్మ నా మొహం చూసి, "మంట లేదు నాయనా, సలుపుతాండాది అంతే" అంది. ఎంత చిన్న సంగతినైనా పెంచగల నోరు నాది, ఆ పూట ఒక్క ఓదార్పు మాటను పుట్టించలేకపోయింది.

చార లేవలేదు. అత్త పాదం ఎత్తి తుడిచి, సూదితో పొక్కు గిల్లి, రెండు గోళ్లతో నొక్కింది. నల్లటి కొస ఒకటి బయటికొచ్చింది. లాగి నా అరచేతిలో పెట్టింది. తుమ్మ ముల్లు.

"మీ కంపే గదరా. బిడ్డ గిలక కాడికి పోయి తొక్కినట్టుండాది" అంది. లక్ష్మి నవ్వలేదు, ఏడవలేదు. పళ్లెంలో నీళ్లు తీసుకుపోయి దూరంగా, ఎండిన నేల మీద పారబోసింది. ఆ ముల్లు నా పెట్టెలో ఇంకా ఉంది.

వైశాఖం వచ్చింది. జ్యేష్ఠం వచ్చింది. సెలవులైనా పిల్లలు పొద్దున్నే బడికొచ్చి కాళ్లు చూపించి పోయేవాళ్లు. అరవై నాలుగు జతలు. ఏమీ లేవు. లేవు. లేవు.

జ్యేష్ఠం నడిమిలో ఒక మధ్యాహ్నం గంగప్ప వచ్చాడు. బడి వెనక నుంచి కాదు, ముందు వాకిలి నుంచి. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి నా బెంచీ మీద కూలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి.

"మంట అయ్యోరా. నిప్పుల మీద పెట్టినట్టుండాది."

పిక్క మీద పొక్కు చిట్లి ఉంది. తెల్ల కొస కనబడుతోంది.

"బావిలో పెట్టినావా?" అని లేచి నిలబడ్డాను.

"లేదప్పా. బావిగట్టు మీదనే పొయ్యొచ్చినా. కంప పక్కకు లాగేదానికి చెయ్యి కూడా పెట్టినా. పెడితే చాలు, సల్లబడతాదని తెలుసు. నీ పిల్లోళ్లు గుర్తొచ్చిరి. తిరిగొచ్చేసినా." కాసేపాగి అడిగాడు. "ఇది నీ పురుగేనంటావా?"

నవ్వించడానికి అడిగాడో, నిజంగానే అడిగాడో తెలియదు.

"నాదే గంగప్పా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నువ్వే తియ్యి."

చైత్రం నుంచి మా ఇంట్లోనే ఉన్న అత్త వచ్చి వెదురు పుల్ల గీసి నా చేతికిచ్చి పక్కన కూచుంది. గంగప్ప కాలు నా ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక చుట్టు తిప్పాను. కాస్త బిగువు తగిలింది. ఆగాను.

"అంతేనా? వస్తాండాది గదప్పా, లాగు!" అన్నాడు గంగప్ప.

"ఈ పొద్దుకింతే" అన్నాను.

ఇరవై మూడు రోజులు పట్టింది. కొస దాకా, తెగకుండా వచ్చింది. పిల్లల ముందు బడి స్కేలుతో కొలిచాం. ఇరవై ఆరు అంగుళాలు. ఇందులో ఒక్క అంగుళం కూడా నేను కలపలేదు. కావలిస్తే లక్ష్మినడగండి.

మళ్లీ బడి తెరిచాక మొదటి పక్షం కబుర్లలో ఆ కొలత రాశాను. గంగప్ప బావిగట్టు దాకా పోయి తిరిగొచ్చిన సంగతి రాశాను. కురుపు ఉన్నవారు, పొక్కు లేచినవారు బావిలో దిగరాదని రాశాను. బట్ట ఏ వైపు పైకి ఉండాలో రాశాను. పలక నిండిపోయింది.

ఆ వారమే మూడో తరగతి మూలలో కోడి మళ్లీ గుడ్డు పెట్టింది. చోటు చాలక రాయలేదు.